పెన్సిల్వేనియాకు వస్తున్న మా బుజ్జికి, ఇంటి చదువు కాగితాల గురించి

బుజ్జీ,

అల్లుడికి ఫిలడెల్ఫియా ఆఫీసుకు బదిలీ అయిందనీ, జూలైలో వచ్చేస్తున్నారనీ మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషం వేసిందో! మొన్న ఫోన్లో నువ్వు, "పిల్లల్ని అక్కడా ఇలాగే ఇంట్లో చదివించుకుంటాను పిన్నీ, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదుగా" అన్నావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నేనూ సరిగ్గా అలాగే అనుకుని ఈ రాష్ట్రానికి వచ్చాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. దాచుకో.

ఇంటి చదువు ఈ దేశంలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. కానీ ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. మీ టెక్సాస్‌లో 1994లో అక్కడి సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇంటి చదువును ప్రైవేటు స్కూలుతో సమానంగా చూసింది. అందుకే పెద్దాడిని స్కూలు మాన్పిస్తూ ఒక ఉత్తరం ఇచ్చావు, అంతటితో సరిపోయింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఇవి నిజాయితీగా నేర్పిస్తే చాలు, నిన్ను అడిగేవారు లేరు. న్యూజెర్సీ కూడా దాదాపు అంతే. న్యూయార్క్‌లో మాత్రం ఏడాదికి నాలుగుసార్లు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు చూసుకునే ఆఫీసుకి, రిపోర్టు పంపాలి. పెన్సిల్వేనియా అంత కాకపోయినా, ఇక్కడ కాగితాల పని ఉంది.

మేము న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడు మీ బాబాయి హెచ్1బీ మీద ఉన్నారు. ఆగస్టు, సెప్టెంబరు హాయిగా గడిచిపోయాయి. అక్టోబరులో స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి కవరు వచ్చింది. మీ పిల్లలు చట్టప్రకారం బడిలో ఉండాల్సిన వయసులో ఉన్నారు, ఎందుకు రావడం లేదో చెప్పండి, లేదంటే చర్య తీసుకుంటాం అని. ఆ కవరు పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను. వీసాకి ఏమవుతుందో, కోర్టుకి పిలుస్తారో అని ఇద్దరం ఒకటే టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే మేము చేయని పని ఒక్కటే: పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామని రాసిచ్చే అఫిడవిట్ ఇవ్వలేదు. ఆ వారంలోనే నోటరీ చేయించి ఇచ్చాం, గొడవ సర్దుకుంది. ఒక్క కాగితం ముందే ఇచ్చి ఉంటే ఆ వారం రోజుల నరకం ఉండేది కాదు. నీకు అది రాకూడదు.

ఆ అఫిడవిట్ ఇంటి చదువు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఏటా ఆగస్టు 1 లోగా, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి ఇవ్వాలి. నువ్వు జూలైలో వస్తున్నావు కాబట్టి రాగానే ఇదే మొదటి పని. నోటరీ చేయించవచ్చు, లేదా అబద్ధం చెబితే శిక్షకు ఒప్పుకుంటూ సంతకం చేసే డిక్లరేషన్ ఇచ్చినా చెల్లుతుంది. అందులో పిల్లల పేర్లు, వయసులు, మీ అడ్రసు, ఫోన్ నంబరు, పాఠాలు ఇంగ్లిష్‌లో చెబుతామన్న మాట, ఇంట్లో ఉండే పెద్దవాళ్లెవరికీ గత అయిదేళ్లలో చట్టం పేర్కొన్న నేరాల్లో శిక్ష పడలేదన్న మాట ఉండాలి. దాంతోపాటు టీకాల రికార్డు, డాక్టరు చూసినట్టు ఆధారం, ఒక్కో సబ్జెక్టులో ఏం నేర్పాలనుకుంటున్నావో చిన్న జాబితా జతచేయాలి. జాబితా గురించి బెంగ వద్దు. దాన్ని చూసి మీ చదువు చట్టానికి సరిపోలేదని సూపరింటెండెంట్ అనకూడదని చట్టంలోనే ఉంది. చదివించే తల్లికో తండ్రికో హైస్కూల్ డిప్లొమా గానీ దానికి సమానమైన చదువు గానీ ఉండాలి. నీ బీటెక్ సర్టిఫికెట్ జిరాక్స్ దగ్గర పెట్టుకో.

పాఠాలు ఇంగ్లిష్‌లో అన్నారు కదా అని తెలుగు మానిపించకు. వాటితోపాటు తెలుగు నేర్పడానికి ఏ అడ్డూ లేదు. మా పిల్లలిద్దరికీ గుణింతాలు నేను ఈ ఇంట్లోనే దిద్దించాను.

చిన్నదానికి ఇంకా అయిదేళ్లే. ఆరు నిండేదాకా దాని పేరు మీద ఏమీ ఇవ్వక్కర్లేదు. పెద్దాడు ఈ ఏడాది మూడో గ్రేడ్, జాగ్రత్తగా చూసుకోవాల్సింది వాడి సంగతే. 3, 5, 8 గ్రేడుల్లో రీడింగ్, లెక్కల్లో స్టాండర్డ్ పరీక్ష రాయించాలి, అది నువ్వు పెట్టకూడదు, వేరేవాళ్లు పెట్టాలి. ఏడాదికి 180 రోజులు గానీ, వాడి వయసుకి 900 గంటలు గానీ చదువు జరగాలి. ఏడో గ్రేడ్ నుంచి 990 గంటలు. చివర్లో అర్హత ఉన్న ఇవాల్యుయేటర్ వాడితో మాట్లాడి, ఫైలు చూసి, చదువు సరిగ్గా సాగుతోందని రాసిస్తారు. ఆ కాగితం జూన్ 30 లోగా డిస్ట్రిక్ట్‌కి చేరాలి. మంచి ఇవాల్యుయేటర్లకి మే నెలలో ఊపిరాడదు. జనవరిలోనే మాట్లాడి పెట్టుకో.

ఆ ఫైలునే పోర్ట్‌ఫోలియో అంటారు. ఏ పుస్తకం ఎప్పుడు చదివారో, ఆ పుస్తకం పేరుతో సహా, ఎప్పటికప్పుడు రాసుకునే లాగ్ అందులో ముఖ్యం. నేను మొదటి ఏడాది "తర్వాత రాద్దాంలే" అని వదిలేసి, మేలో లైబ్రరీ రసీదులు ముందేసుకుని అక్టోబరులో ఏం చదివామో గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. రెండో ఏడాది నుంచి ఫ్రిజ్ పక్కన ఒక నోటుబుక్ వేలాడదీశాను. రాత్రి గిన్నెలు సర్దాక రెండు నిమిషాలు, అంతే. దాంతోపాటు నెలకు నాలుగైదు వర్క్‌షీట్లు, వాడు రాసినవి, గీసినవి తేదీ వేసి దాచు. అన్నీ దాచకు, పెట్టె నిండిపోతుంది. ఈ రాష్ట్రంలో అగ్ని ప్రమాదాల గురించి తప్పనిసరిగా నేర్పాలి. చాలామంది మర్చిపోయేది అదే. ఫైర్ స్టేషన్‌కి తీసుకెళ్లి ఒక ఫొటో తీసి పెట్టు.

ఇంకో మాట. అప్పట్లో డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఒకరు రోజువారీ టైంటేబుల్ అడిగారు, ఇంటికి వచ్చి చూస్తామన్నారు. చట్టంలో ఆ రెండూ లేవు. ఈ రాష్ట్రం బడుల చట్టమైన పబ్లిక్ స్కూల్ కోడ్‌లో ఇంటి చదువు గురించిన 1327.1 సెక్షన్ ప్రింట్ తీసి, "ఇందులో ఎక్కడుందో చూపించండి" అని మర్యాదగా అడిగితే మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గొంతు పెంచాల్సిన పని లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, అందులో సగం వేరే రాష్ట్రం సంగతులు. నువ్వు మాత్రం ఆ సెక్షన్ ఒక్కసారి మొత్తం చదువు. కొన్ని పేజీలే ఉంటుంది. ఇచ్చే ప్రతి కాగితానికీ కాపీ ఉంచుకో, పోస్టులో పంపితే రసీదు వచ్చేలా పంపు.

రేపు హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతే ఎలా అని మీ అత్తగారు అడిగారట కదా. అక్కడ స్కూళ్లు టీసీ అడుగుతాయి, మన దగ్గర అది ఉండదు. అప్పుడు చూపించడానికి ఇవాల్యుయేటర్ ఏటా రాసిచ్చిన కాగితాలూ, పరీక్ష మార్కులే ఉంటాయి. పదో తరగతి విషయానికి వస్తే జాతీయ ఓపెన్ స్కూల్ ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. ఆవిడకి ఈ సంగతి చెప్పు, ధైర్యంగా ఉంటుంది.

పిల్లల టీకాల రికార్డులు టెక్సాస్ డాక్టరు దగ్గర ఇప్పుడే తీసుకో, ఇల్లు మారాక తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి. వచ్చిన మొదటి శనివారం కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికి రా. పులిహోర చేసి పెడతాను, పిల్లల్ని బాబాయి చూసుకుంటారు, మనిద్దరం అఫిడవిట్ నింపుకుని నోటరీ దగ్గరికి వెళ్లొద్దాం.

ప్రేమతో,
మీ పిన్ని