ఎత్తు నాలుగింతలు, చూపు రెండింతలు

ప్రశ్న: సార్, మా ఫ్రెండ్స్ ఉత్తరాఖండ్ ట్రెక్కింగ్‌కు వెళ్లొచ్చి ఫొటోల మీద ఫొటోలు పెడుతున్నారు. నేను ఎక్కినవి పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, అంతే. వాటి మీది నుంచి చూస్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది. అంత పైకి వెళ్తే ఇంకేం కనిపిస్తుంది? టెన్షన్ పడుతూ వెళ్లడం అవసరమా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ముందు లెక్క చెప్తానమ్మా, భూగోళం పాఠాలు చెప్పిన అలవాటు పోదు. చదును నేల మీద నిలబడ్డ మనిషికి కనుచూపు మేర నాలుగైదు కిలోమీటర్లే. నూరు మీటర్ల గుట్టెక్కితే 35 దాటుతుంది. నాలుగు వేల మీటర్ల శిఖరం మీద సుమారు 225. ఎత్తు నలభై రెట్లయితే చూపు ఆరు రెట్లే పెరిగింది. భూమి గుండ్రంగా ఉన్నందుకు వచ్చిన లెక్క ఇది: ఎత్తు నాలుగింతలైతే చూపు రెండింతలు. అంటే పెద్ద లాభం నీకు పద్మాక్షి గుట్ట మీదే వచ్చేసింది. నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్లకే ఎక్కిన ఎవరెస్టు మీద కూడా ఈ లెక్కన 335 కిలోమీటర్లే. ఆ అమ్మాయి ముందు సాధన చేసింది మన భువనగిరి గుట్ట మీద.

మరి తేడా ఎక్కడంటే, గాలిలో. ఎండాకాలం మధ్యాహ్నం గోవిందరాజుల గుట్ట మీద నిలబడితే ఊరు దాటాక అంతా మసకే. దుమ్ము, తేమ ఎక్కువగా ఉండేది నేలకు దగ్గరి గాలిలో. (వాన వెలిసిన సాయంత్రం వెళ్లి చూడు, అదే గుట్ట వేరే గుట్టలా ఉంటుంది.) నాలుగు వేల మీటర్ల దగ్గర ఆ మసక చాలావరకు కిందే ఉండిపోతుంది.

నేను వెళ్లింది ఉత్తరాఖండ్‌లోనే ఉన్న చంద్రశిల శిఖరానికి, రిటైరైన ఏడాది అక్టోబరులో. చోప్తా నుంచి తుంగనాథ్ గుడి మీదుగా నడక. టార్చి వెలుగులో ముందువాడి మడమలు తప్ప ఏమీ చూడకుండా ఎక్కాను. పైకి చేరేసరికి తూర్పున నందాదేవి శిఖరం, నల్ల కాగితం కత్తిరించి ఎర్రటి ఆకాశానికి అతికించినట్టు ఉంది. పొద్దు ఇంకా పొడవలేదు. మేం నిలబడ్డ రాయి చీకట్లోనే ఉంది. ఉత్తరాన చౌఖంబా కొస మాత్రం నిప్పంటుకున్నట్టు వెలిగింది. 7,138 మీటర్ల శిఖరం కదా, మాకంటే ముందే దానికి తెల్లారింది. ఆ రంగు మంచు మీద మెల్లగా కిందికి దిగుతూ పోయింది. కుంకుమ, పసుపు, చివరికి మామూలు తెలుపు. టీ తాగేంత సేపట్లో అంతా అయిపోయింది.

"మధ్యాహ్నానికి ఆ చౌఖంబా దాకా వెళ్లి రావచ్చా?" అని గైడ్‌ను అడిగాను. నిజంగానే అడిగాను. అతను నవ్వాడు. చౌఖంబా అక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. నందాదేవి 70 పైనే, హనుమకొండ నుంచి కరీంనగర్ అంత దూరం. మన దగ్గర దూరపు గుట్ట నీలంగా, మసగ్గా కనిపిస్తుంది. కన్ను ఆ మసకను బట్టే దూరం అంచనా కడుతుంది. అది లేని చోట భూగోళం సార్ కూడా బోల్తా పడతాడు.

అందరూ తూర్పుకే ఫోన్లు ఎత్తిపట్టుకుని ఉంటారు. పొద్దు పొడవగానే నువ్వు వెనక్కి తిరుగు. పడమటి లోయలో పొగమంచు ఉంటే దాని మీద నువ్వెక్కిన కొండ నీడ పడి ఉంటుంది, త్రికోణంలా. కొండది ఏ ఆకారమైనా సరే, శిఖరం మీది నుంచి చూస్తే నీడ కొస దూరాన సన్నబడిపోతుంది. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించడం లాంటిదే. కాజీపేట అమ్మాయివి, పట్టాల సంగతి నీకు నేను చెప్పాలా!

టెన్షన్ కొంచెం ఉండటమే మంచిది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో అరవై శాతం చిల్లర. నేను మొదటిరోజే హుషారు చూపించి రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నాను. చోప్తాలో కనీసం ఒక రాత్రి ఆగు. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం మొదలైతే శిఖరం వంద అడుగుల్లో ఉన్నా దిగిపో. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ పడిపోతుంది.

సంచిలో సకినాలు వేసుకో. సగం పొడి అవుతాయి, అయినా సరే. నేను గైడ్‌కు రెండు ఇస్తే, చోప్తాకు దిగేదాకా అవి దేంతో చేస్తారో అడుగుతూనే ఉన్నాడు.