నలభై దాటి మొదటిసారి జిమ్‌కి వచ్చేవాళ్లకి మొదటి నెల ఏం చేయించాలి?

తిరుపతిలోనే కొత్తగా ట్రైనర్‌గా చేరాను, నలభై యాభై ఏళ్లవాళ్లు ఉత్సాహంగా ఫీజు కట్టి రెండు వారాలు తిరక్కుండానే మానేస్తున్నారు, వాళ్లని ఎలా నిలబెట్టుకోవాలి అని మీరు అడిగారు. నేను ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా ఎక్కువగా ఇలాంటివాళ్లకే నేర్పుతున్నాను. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, అంగళ్లు నడిపేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు అయ్యాక ఇప్పుడైనా ఒంటి సంగతి చూసుకుందామని వచ్చే ఆడవాళ్లు. నా అనుభవంలో మొదటి నెల ట్రైనర్‌కి ఉండేది ఒకటే పని, ఆ మనిషి ఎల్లుండి మళ్లీ వచ్చేలా చూడటం. బరువు తగ్గడం, కండ పట్టడం అన్నీ ఆ తర్వాతే.

మానేసేవాళ్లలో ఎక్కువమందిది బద్ధకం కాదు, ఒళ్లు నొప్పులు. మొదటిరోజే మూడు సెట్లు బస్కీలు, లంజెస్ (ఒక కాలు ముందుకి వేసి కిందికి దిగడం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కదలకుండా ఆపడం) అన్నీ చేయించి పంపిస్తే ఆరోజు బాగానే ఉంటుంది, మర్నాడు కాస్త పట్టేసినట్టుంటుంది, ఆ మర్నాటికి అసలు నొప్పి తెలుస్తుంది, బాత్‌రూమ్‌లో కూర్చుంటే లేవలేరు. ఇంట్లోవాళ్లు 'ఈ వయసులో నీకెందుకు ఇవన్నీ' అంటారు, అంతే, ఇక రారు. మెల్లగా కిందికి కూర్చునేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు కండ సాగుతూ బరువు మోస్తుంది కాబట్టి ఈ నొప్పి ఎక్కువగా వచ్చేది అలాంటి కదలికలవల్లే. కొండకి నడిచి ఎక్కి, నడిచే దిగినవాళ్లని అడగండి, తొడలు పట్టేసింది దిగినందుకేనని వాళ్లే చెప్తారు. అయితే అదే వ్యాయామం వారం తర్వాత చేస్తే నొప్పి చాలా తగ్గిపోతుంది, ఒళ్లు అంత త్వరగా అలవాటు పడుతుంది. అందుకే రోజుకో కొత్త వ్యాయామం పెట్టే పద్ధతి వీళ్లకి వద్దే వద్దు, నెలంతా అవే ఐదారు చేయించండి. మొదటి వారం ఒక్కొక్కటి ఒకే సెట్, అదీ 'ఇంకో ఐదు చేయగలను సార్' అనే దగ్గరే ఆపేయండి. 'ఇంతేనా?' అని అడుగుతూ ఇంటికి వెళ్తే ఆరోజు మీరు బాగా నేర్పినట్టు.

మొదటిరోజు వ్యాయామం కంటే మాటలే ఎక్కువ ఉండాలి. బీపీ ఉందా, షుగర్‌కి ఏ మందు వాడుతున్నారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా, కళ్లు తిరుగుతాయా, ఏవైనా ఆపరేషన్లు అయ్యాయా అని పక్కకి పిలిచి నెమ్మదిగా అడగండి, పదిమందిలో అడిగితే చెప్పరు. ఛాతీలో ఇబ్బంది అన్నవాళ్లని డాక్టర్‌కి చూపించుకునేదాకా చేర్చుకోకండి, ఫీజు పోయినా పర్వాలేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు పరగడుపున వ్యాయామం చేస్తే లో షుగర్ అయ్యే ప్రమాదం ఉంది. మన దగ్గర పొద్దున్నే ఒక కాఫీ తాగి వచ్చేసేవాళ్లే ఎక్కువ, కాబట్టి గ్లూకోజ్ పొడి ఎప్పుడూ చేతికి అందేచోట పెట్టుకోండి. చేతులు వణకడం, చల్లటి చెమట, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆపించి అది కలిపి ఇవ్వండి, తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొకటి, కొత్తవాళ్లు బరువు ఎత్తేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతారు, బీపీ ఒక్కసారిగా పెరిగేది అక్కడే. ఎత్తేటప్పుడు అంకెలు పైకి వినపడేలా లెక్కపెట్టమనండి, మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరికీ కుదరదు.

నేర్పడం దగ్గరికి వస్తే, నేను అందరికీ బెంచీ మీద కూర్చుని లేవడంతో మొదలుపెడతాను. మొన్న ఒకావిడ వచ్చారు, యాభై దాటి ఉంటాయి, చుడీదార్, కాళ్లకి కొత్త బూట్లు. లేవమంటే రెండు చేతులూ మోకాళ్ల మీద గట్టిగా ఆనించి, ముఖం బిగించి, సగం లేచి మళ్లీ కూలబడ్డారు. 'నావల్ల కాదు నాయనా' అన్నారు. బెంచీ మీద రెండు రబ్బరు ప్లేట్లు వేసి ఎత్తు పెంచాను, పాదాలు రెండూ కొంచెం వెనక్కి జరిపించాను, 'ముందుకి వంగి లేవండక్కా' అన్నాను, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. లేచారు. లేచి వెనక్కి తిరిగి ఆ బెంచీ వంక చూశారు. వారం తిరిగేసరికి ఒక ప్లేటు తీసేశాం. ఇలాంటివాళ్లకి నడుము నిటారుగా, ఛాతీ పైకి, మోకాళ్లు బయటికి, చూపు ముందుకి అని నాలుగు మాటలు ఒకేసారి చెప్తే మనిషి బిగుసుకుపోతుంది. ఒకసారికి ఒకటే చెప్పండి, అదీ ఒంట్లో భాగం పేరుతో కాకుండా చేయాల్సిన పనిగా చెప్పండి. నడుము వంచకుండా తుంటి దగ్గర వంగడం నేర్పాలంటే వీపు గోడవైపు ఉండేలా జానెడు దూరంలో నిలబెట్టి 'వెనక్కి వెళ్లి గోడని తాకండి' అంటే చాలు.

కూర్చుని లేచేటప్పుడు మోకాలు కాలి బొటనవేలిని దాటకూడదని భయపెట్టకండి. అలిపిరి మెట్లు ఎక్కే ప్రతి మనిషికీ ప్రతి మెట్టుకీ మోకాలు ముందుకి వస్తూనే ఉంటుంది. కీలు నొప్పి పుడుతుంటే ఎక్కే మెట్టు ఎత్తు తగ్గించండి, బరువు తగ్గించండి, అంతే కానీ మోకాలు కదలకూడదన్న భయం ఒకసారి మనసులో పడితే తీయడం చాలా కష్టం.

యూనివర్సిటీ గ్రౌండ్‌లో రోజూ నడుస్తున్నాం కదా, బరువులు ఎందుకు అని చాలామంది అడుగుతారు. నడక మంచిదే, దాన్ని తక్కువ చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం కూడా ఉంది. ఆ రెండో సగమే మనవాళ్లు వదిలేస్తారు. ఓ మాదిరి శ్రమ అంటే ఎంత అని అడిగితే నేను చెప్పేది ఒకటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కొండ మెట్ల మీదైతే గోవింద నామం పలకలేనంత ఆయాసం వస్తే ఒక నిమిషం నిలబడాలి.

మన ఊళ్లో ట్రైనర్‌కి ఉన్న అదృష్టం ఏమిటంటే సగం మందికి లక్ష్యం ముందే ఉంటుంది: కొండ నడిచి ఎక్కాలని మొక్కు. కిలోల కంటే అది వందరెట్లు గట్టిది, దాన్ని వాడుకోండి. అలిపిరి దారి 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, గాలిగోపురం దాకా నిలువు, తర్వాత కొంత తేలిక, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర కష్టం. శ్రీవారి మెట్టు 2388 మెట్లే, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కానీ ఊపిరి తీసుకునేందుకు చదును తక్కువ. మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకి చిన్న పీట ఎత్తుతో మొదలుపెట్టి ఎక్కడం, దిగడం రెండూ చేయించండి, దిగడం మెల్లగా. మొక్కు తీరాక కిందికి మాత్రం బస్సులో రమ్మనండి.

మూడు నాలుగు వారాలకి 'బలం వచ్చింది, బరువు పెంచండి' అంటారు. ఆ బలం చాలావరకు నరాలు, కండరాలు కలిసి పనిచేయడం నేర్చుకున్నందువల్ల వచ్చింది. కండ పెరగడానికి ఇంకా టైం పడుతుంది, కండని ఎముకకి కలిపే స్నాయువులు గట్టిపడటానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. భుజం నొప్పి, మోచేయి నొప్పి మొదలయ్యేది ఈ దశలోనే, కాబట్టి పెంచండి కానీ కొంచెం కొంచెంగానే.

తిండి విషయంలో మొదటి నెల డైట్ చార్టులు ఇవ్వకండి, ప్రోటీన్ పొడి డబ్బాలు అసలే అమ్మకండి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి రోజుకి 50 గ్రాములు. రాగి సంగటి మానమని చెప్పే పనే లేదు, పక్కన ఉలవచారో, పప్పో, గుడ్లో, కోడికూరో ఉందా అని చూడండి చాలు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లతో వాదించకండి, ఆరోజు చేతులు కాళ్లు సాగదీయించి పంపండి.

అరవకండి. 'ఇంకొక్కటి, ఇంకొక్కటి' అని కేకలు పాతికేళ్ల కుర్రాళ్లకి నచ్చుతాయేమో, తన కూతురి వయసువాళ్ల మధ్య నిలబడ్డ ఆవిడకి అది అవమానం. పొట్ట ఫొటోలు తీయకండి, అడక్కుండా ఒంటి మీద చెయ్యి వేయకండి.

గంగమ్మ జాతర వస్తుంది, పెళ్లిళ్లు వస్తాయి, పిల్లల పరీక్షలు వస్తాయి, మనిషి పది రోజులు కనబడరు. అప్పుడు 'ఎందుకు రావట్లేదు' అని మెసేజ్ పెడితే ఆ సిగ్గుతోనే ఇక రారు. 'రేపు రండక్కా, సగమే చేద్దాం' అని పెట్టండి. వచ్చాక నిజంగానే సగమే చేయించండి, బరువులూ సగం, సెట్లూ సగం, ఆ వారమంతా అలాగే.