నేను వచ్చేదాకా ఆ ఫిల్టర్ స్పాంజ్ జోలికి వెళ్ళకు

చిన్నా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి నీ చేపల సంగతి చెప్పింది. మూడు వారాల కిందట 60 లీటర్ల ట్యాంక్ కొని ఎనిమిది గోల్డ్ ఫిష్ వేశావట. మొన్న ఒకటి, నిన్న ఇంకొకటి పోయాయట. మిగిలిన ఆరూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని తిరుగుతున్నాయట. నువ్వు రాత్రి రెండింటిదాకా ట్యాంక్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నావని వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. వేసవి సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడూ ఇంతే కదా నువ్వు. అద్దానికి ముక్కు ఆనించి గంటల తరబడి చూసేవాడివి. నువ్వు వెళ్ళిపోయాక ఆ ముక్కు మరకని రెండు మూడు రోజులు తుడవబుద్ధి అయ్యేది కాదు నాకు.

తర్వాత మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. ఆదివారం ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి, రాళ్ళూ ఫిల్టరూ తోమి, కొత్త నీళ్ళు నింపి మందు పోస్తానన్నావట. అది విన్న దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే పాప పిలుస్తోందని సగంలో పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాసి, ఫోటోలు తీసి పంపిస్తున్నాను. ఆ పని మాత్రం చెయ్యకు నాన్నా.

ఇవాళ చెయ్యాల్సింది చెబుతాను. మేత ఆపెయ్. రెండు మూడు రోజులు తిండి లేకపోతే గోల్డ్ ఫిష్‌కి ఏమీ కాదు. ఎయిర్ పంప్ పగలూ రాత్రీ నడవనీ. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి తెచ్చి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసి కాగితం మీద రాసిపెట్టు. ఆ తర్వాత సగం నీళ్ళు మార్చు. సగమే, మొత్తం కాదు. కొత్త నీళ్ళు బకెట్లో పట్టి, సీసా మీద రాసిన లెక్క ప్రకారం యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, ట్యాంక్ నీళ్ళంత వెచ్చగా ఉన్నాయని థర్మామీటర్‌తో చూసుకున్నాకే పొయ్యి. ఒక రాత్రి నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందని ఎవరైనా చెబితే దాన్నే నమ్ముకోకు. కొన్నిచోట్ల నీళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు. అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు.

అమ్మోనియా సున్నా ఉండాలి. నైట్రైటూ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరు నీళ్ళకి 40 మిల్లీగ్రాములు) దాటకపోతే చాలు. మొదటి రెండిట్లో ఏది కనిపించినా, చేపలకి వచ్చింది రోగం అనుకునే ముందు నీళ్ళని అనుమానించు. నాకు తెలిసిన లెక్క ఇది: ఒక్క చేప మందకొడిగా ఉంటే ఆ చేపని చూడాలి, అన్నీ ఒకేసారి పైకొచ్చి రొప్పుతుంటే నీళ్ళని చూడాలి.

ఎందుకో చెప్పకపోతే నువ్వు వినవు, చిన్నప్పటి నుంచీ అంతే కాబట్టి చెబుతున్నా. చేప ఊపిరి పీల్చే మొప్పల్లోంచే అమ్మోనియా బయటికొస్తుంది. తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్ళినా అదే వస్తుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది. ట్యాంక్‌లో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని తిని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది అంత ప్రమాదం కాదు, వారం వారం నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. ఎక్కువ భాగం ఫిల్టర్ స్పాంజ్‌కీ, అడుగున రాళ్ళకీ పట్టుకుని ఉంటుంది. అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీకు మూడు వారాలే అయింది. సగం దారిలో ఉన్నావు. ఇప్పుడు అన్నీ తోమేస్తే మళ్ళీ మొదటికొస్తావు.

ఇదంతా నాకు పుస్తకం చదివితే వచ్చింది కాదు.

మీ అక్క ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో పదకొండు చేపలుండేవి. అందులో ఒకదానికి బంగారి అని పేరు పెట్టుకుంది. అక్క వేలు నీళ్ళకి ఆనిస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి ఆ వేలిని పెదాలతో తడిమేది. ఏడాదిన్నర పాటు ఏ గొడవా లేదు. వారానికోసారి ముందురోజు పట్టి ఉంచిన బకెట్ నీళ్ళు కొంచెం మార్చేదాన్ని, అంతే. అలా ఎందుకు చెయ్యాలో నాకు తెలియదు, మొదట్లో ఎవరో అలా చెయ్యమన్నారు కాబట్టి చేసేదాన్ని.

ఒకరోజు ఇంటికి చుట్టాలు వస్తున్నారని కబురొచ్చింది. ట్యాంక్ వైపు చూస్తే అద్దానికి పాచి, రాళ్ళ మీద గోధుమరంగు పొర. నాకు సిగ్గనిపించింది. చేపల్ని బకెట్లోకి తీసి, రాళ్ళన్నీ వేడినీళ్ళతో కడిగాను. స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టి పిండాను. కాఫీ డికాక్షన్ లాంటి నీళ్ళు కారాయి. ఆ రంగు పోయేదాకా, కొత్త స్పాంజ్‌లా తెల్లబడేదాకా, చేతులు నొప్పెట్టేదాకా పిండాను. కుళాయి నీళ్ళు నేరుగా నింపి చేపల్ని వదిలేశాను. ట్యాంక్ తళతళలాడిపోయింది. వచ్చినవాళ్ళు ఎంత మెచ్చుకున్నారో.

ఆ రాత్రే చేపలన్నీ ఒక మూలకి చేరాయి, రెక్కలు ఒంటికి అతికించుకుని. మర్నాడు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా మసకబారాయి. మూడో రోజు పైకొచ్చి రొప్పడం మొదలుపెట్టాయి, ఇప్పుడు నీవి చేస్తున్నట్టే. నేను రోగమనుకున్నాను. పరుగెత్తుకెళ్ళి నీలం మందు తెచ్చి పోశాను. తగ్గకపోతే ఆ సాయంత్రమే ఇంకోటి తెచ్చి పోశాను. ఆ నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఆ బ్యాక్టీరియాకి కూడా చేటని నాకు అప్పుడు తెలియదు. కుళాయి కింద పిండినప్పుడు క్లోరిన్‌కి చచ్చినవి పోగా కాస్తో కూస్తో మిగిలి ఉంటే వాటినీ నా చేత్తోనే చంపేశాను.

వారం తిరిగేలోపు తొమ్మిది పోయాయి. బంగారి ఆఖర్న పోయింది. తెల్లవారుజామున లేచి చూసేసరికి పక్కకి వాలిపోయి ఉంది, ఒక మొప్ప ఇంకా కొట్టుకుంటోంది, లోపల నెత్తురు పూసినట్టు ఎర్రగా ఉంది. చేత్తో పట్టుకుని ఎయిర్ పంప్ బుడగల దగ్గర ఉంచాను. నా చేతిలోనే పోయింది. మీ అక్క లేచి వచ్చి చూసి ఏడవలేదు. "అమ్మా, నువ్వు శుభ్రంగానే కడిగావు కదా, మరెందుకు చచ్చిపోయింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు చెప్పింది ఏళ్ళ తరబడి చేపలు పెంచిన ఒక పెద్దాయన. చచ్చిన చేపని చూపించబోతే అది వద్దమ్మా, ఫిల్టర్ స్పాంజ్ పట్టుకురండి అన్నారు. తీసుకెళ్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "దీనికి వాసనేదీ?" అన్నారు. ఆయన ట్యాంక్‌లోంచి స్పాంజ్ తీసి నాకిచ్చారు. నల్లగా, జిగురుగా ఉంది, కానీ తొలివాన పడ్డాక మట్టి వాసన ఉంటుంది చూడు, ఆ వాసన వచ్చింది. ఇదమ్మా మీ చేపల్ని బతికించేది, దీన్ని మురికి అనుకుని పారబోశారు అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టలేదు. నీళ్ళు మార్చేటప్పుడు ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్ళనే ఒక బేసిన్‌లో పోసి, అందులో రెండు మూడుసార్లు మెల్లగా పిండి వెంటనే వెనక్కి పెట్టేస్తాను. నీళ్ళు ఆడితే చాలు, తెల్లబడక్కర్లేదు. రాళ్ళు కడిగిన వారం స్పాంజ్ ముట్టను, స్పాంజ్ పిండిన వారం రాళ్ళ జోలికి వెళ్ళను.

ఇక మందుల సంగతి. నువ్వు కొన్న మందు ఏదో నాకు తెలియదు, మూత తియ్యకు. తోకా, రెక్కల అంచులూ చీలికలై తెల్లగా కుళ్ళుతున్నాయా? తొలిదశలో అయితే చాలావరకు మంచి నీళ్ళతోనే తగ్గిపోతుంది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయా, చేప రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటోందా? అది వైట్ స్పాట్, చేప ఒంటికి పట్టే పురుగు వల్ల వచ్చే రోగం. దానికి మందు కావాలి, కానీ ఓపిక కూడా కావాలి. ఒంటి మీదున్నప్పుడు ఆ పురుగుని మందు ముట్టలేదు. అది రాలి అడుగున చేరి, వందల పిల్లలై నీళ్ళలోకి ఈదుకొచ్చినప్పుడే చస్తుంది. అందుకే చుక్కలు కనబడకుండా పోగానే మందు ఆపేసేవాళ్ళకి మళ్ళీ వస్తుంది. సీసా మీద చెప్పిన రోజులన్నీ వెయ్యాలి, ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసెయ్యాలి, లేకపోతే మందునంతా అదే పీల్చేసుకుంటుంది. పొట్ట ఉబ్బి పొలుసులు పైకి లేచి నిలబడితే డ్రాప్సీ అంటారు. అది వచ్చిన చేప బతకడం చాలా అరుదు. అలాంటిది కనిపిస్తే నాకు చెప్పు, ఒక్కడివే కూర్చుని బాధపడకు.

నైట్రైట్ కనిపిస్తే మాత్రం చిన్న ఉపాయం ఉంది. అయొడిన్ కలపని మామూలు ఉప్పు, లీటరుకి ఒక గ్రాము. రాళ్ళు పోగా నీ ట్యాంక్‌లో ఉండే నీళ్ళకి 50 గ్రాములు సరిపోతుంది. ఒక గ్లాసులో కరిగించి కొంచెం కొంచెంగా పొయ్యి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి అంతగా పోనివ్వదు. పీహెచ్ తగ్గించే మందులూ పెంచే మందులూ ఏవీ వద్దు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. తెలియకుండా దాంతో ఆడుకునే సమయం కాదిది.

ఇంకో మాట, కోప్పడకుండా అనలేను. 60 లీటర్లలో ఎనిమిది గోల్డ్ ఫిష్ ఏమిట్రా! అవి వేలెడంత ఉన్నప్పుడు అమ్ముతారు, జానెడు పెరుగుతాయి. ఎవరో అంటగట్టారు, నువ్వు తెచ్చావు. ఆరుకి కూడా అది ఇరుకే. వీటిని గట్టెక్కించాక పెద్ద ట్యాంక్ సంగతి ఆలోచిద్దాం, లేదా కొన్నిటిని నేను తీసుకెళ్తాను. అప్పటిదాకా కొత్త చేప ఒక్కటి కూడా తేకు. ఎప్పుడు తెచ్చినా వేరే తొట్టెలో నాలుగు వారాలు ఉంచి చూశాకే కలపాలి. నిన్ను అనడం కాదు, నేనూ మొదట్లో అలాగే ఒక కవర్ నిండా తెచ్చినదాన్నే.

అన్నిటికంటే నాకు భయమేసేది వేరే ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు మోటర్, హీటర్, లైటు, అన్ని ప్లగ్‌లూ పీకెయ్. స్విచ్ ఆపడం కాదు, పీకెయ్యాలి. మీ పెదనాన్నకి పగిలిన హీటర్ వల్ల షాక్ కొట్టింది, మోచేతి దాకా మొద్దుబారిపోయింది ఆయనకి. నీళ్ళు తీసేటప్పుడు హీటర్ బయటపడి వేడెక్కి, చల్లనీళ్ళు తగలగానే గాజు పగలొచ్చు. వైర్లన్నీ ప్లగ్ కంటే కిందకి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా చూడు, అప్పుడు వైర్ వెంట జారిన చుక్క ప్లగ్‌లోకి వెళ్ళకుండా కింద పడిపోతుంది. పాప స్టూల్ ఎక్కి ట్యాంక్‌లో చేతులు పెడుతోందని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ స్టూల్ ఇవాళే అక్కణ్ణుంచి తీసెయ్. చేతికి గాయం ఉంటే ట్యాంక్‌లో పెట్టకు, నీళ్ళు తీసే సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చకు, పని అయ్యాక సబ్బుతో కడుక్కో. సబ్బు చెయ్యి మాత్రం ట్యాంక్‌లోకి వెళ్ళకూడదు.

శనివారం పొద్దున నేను బయల్దేరి వస్తున్నాను. మా ట్యాంక్‌లో రెండు స్పాంజ్‌లున్నాయి, నాలుగేళ్ళవి. చేపలు బాగున్నాయి, నీళ్ళు ఇవాళే పరీక్ష చేశాను. ఒకదాన్ని సగం కోసి, ట్యాంక్ నీళ్ళతో తడిపి, గాలి ఆడేలా కవర్లో పెట్టుకుని తెస్తాను. దాన్ని నీ ఫిల్టర్‌లో పెడదాం. దానికి పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా మర్నాటి నుంచే పని మొదలుపెడుతుంది. అంతవరకూ రోజూ పొద్దున అమ్మోనియా చూడు, 0.5 పీపీఎం దాటితే మళ్ళీ సగం నీళ్ళు మార్చు, విసుక్కోకుండా.

ఎవరి ఇంట్లోనూ నేను ఇంత చొరవ తీసుకోను. నీ ఇంట్లో తీసుకుంటాను. మీ అక్క ఆ రోజు అడిగిన మాట పాప నిన్ను అడగకూడదని నాకు ఉంది.

కోడలితో చెప్పు, నాకోసం హడావుడి వద్దని. ఒక బేసిన్, రెండు బకెట్లు, పాత తువ్వాలు సిద్ధంగా ఉంచితే చాలు. ఆ బకెట్లు సబ్బు ఎప్పుడూ తగలనివి అయ్యుండాలి. చేపల పేర్లు నాకు పాపే చెప్పాలని చెప్పు.

రేపు పొద్దున లేవగానే ముందు ఆరూ ఉన్నాయో లేదో లెక్కపెట్టు. ఏదైనా పోయుంటే వెంటనే తీసెయ్, అది కుళ్ళితే మిగతావాటికి ముప్పు. లెక్కపెట్టి నాకు మెసేజ్ పెట్టు. నేను ఐదింటికే లేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ