ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో 60 శాతం టీకా వేసుకున్నవాళ్లేనట, మరి టీకా పనిచేయనట్టేనా?

మీరు చూసిన నంబరు అబద్ధం కాదండీ. 2021 ఆగస్టు 15న ఇజ్రాయెల్‌లో కోవిడ్ ముదిరి ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లలో రెండు డోసులూ వేసుకున్నవాళ్లు 301 మంది, అసలు వేసుకోనివాళ్లు 214 మంది. మా పిన్ని అప్పుడు అక్కడే ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా చేసేది (మన గోదావరి జిల్లాల నుంచి ఆ పనికి చాలామందే వెళ్లారు), ఇదే స్క్రీన్‌షాట్ నాకు పంపి ఒకటే టెన్షన్.

డేటాతోనే నా ఉద్యోగం కాబట్టి లక్షమందికి ఎందరో లెక్కేసి చెప్పాను. టీకాకు అర్హులైనవాళ్లలో 79 శాతం దాకా వేసుకున్నారు, అంత పెద్ద గుంపులోంచి ఎక్కువమంది కనిపించడంలో వింతేముంది? లక్షకు చూస్తే వేసుకోనివాళ్లలో 16.4, వేసుకున్నవాళ్లలో 5.3. అంటే టీకాతో ముప్పు 67 శాతం చిల్లర తగ్గింది, రక్షణ అంటే అదే. పిన్ని అంతా విని, "ఆవిడకి ఎనభై దాటాయి, నాకు నలభై. ఇద్దరికీ ఒకటే లెక్కేంట్రా?" అంది.

అసలు పాయింటు అదే. 50 లోపువాళ్లను విడిగా తీస్తే లక్షకు వేసుకోనివాళ్లలో 3.9, వేసుకున్నవాళ్లలో 0.3. రక్షణ దాదాపు 92 శాతం. 50 దాటినవాళ్లలో అదే వరసలో 91.9, 13.6. రక్షణ 85 శాతం. విడివిడిగా 92, 85 వస్తుంటే కలిపితే 67కి పడిపోవడమేంటి అంటారా? వేసుకోనివాళ్లలో నూటికి 14 మందే 50 దాటినవాళ్లు, వేసుకున్నవాళ్లలో 38 మంది. వయసుతో ముప్పు ఎంత పెరుగుతుందంటే, టీకా వేసుకున్న పెద్దవాళ్లకు కూడా వేసుకోని కుర్రాళ్లకంటే ఎక్కువే (13.6 ఎక్కడ, 3.9 ఎక్కడ). కలిపి చూసినప్పుడు మనం టీకాతో పాటు వయసునీ పోలుస్తున్నామన్నమాట. స్టాటిస్టిక్స్‌లో దీన్ని సింప్సన్స్ పారడాక్స్ కిందే చెప్తారు, పేరు గుర్తులేకపోయినా నష్టం లేదు.

అలాగని 92, 85 చూసి ముసలివాళ్లకు టీకా తక్కువ పనిచేస్తుందని కూడా వెంటనే అనేయకండి. అక్కడ 2020 డిసెంబరులో ముందు వేసింది పెద్దవాళ్లకే, ఆగస్టు నాటికి వాళ్ల డోసు పాతబడింది, పైగా అప్పటికే 60 దాటినవాళ్లకు మూడో డోసు మొదలుపెట్టారు. ఆ తేడాలో వయసు వాటా ఎంత, డోసు పాతబడిన వాటా ఎంత అన్నది ఈ పట్టిక ఒక్కదాన్ని పట్టుకుని తేల్చలేం, వేసుకుని ఎన్ని నెలలైందో చెప్పే ఇంకో కాలమ్ కావాలి.