వరంగల్‌లో ఉంటూ ట్రౌట్ కోసం డ్రై ఫ్లై కట్టడం నేర్చుకోవచ్చా?

మంచిగా నేర్చుకోవచ్చండి. హిమాచల్ వెళ్లేలోపు ఫ్లైలు (గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులా చేసే ఎరలు) ఇక్కడే కట్టుకోవాలని ఉంది, ఏమేం కొనాలి అని అడిగారు. నేను హనుమకొండలో ఇంట్లోనే కట్టుకుని, హిమాచల్‌లోని తీర్థన్ నదిలో కలిసే చిన్న వాగుల్లో వేస్తుంటాను. ట్రౌట్ చల్లని నీళ్ల చేప, మన ఎండలకు బతకదు. కానీ ఫ్లైకి అన్నిటికంటే ముఖ్యమైనది మన దగ్గరే దొరుకుతుంది: నాటుకోడి పుంజు మెడ ఈక.

డ్రై ఫ్లై నీటి మీద తేలాలి. గాలానికి చుట్టిన ఈక పోగులే దాన్ని నిలబెడతాయి. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చేస్తుంది. ఫారం కోడిని ఈక ముదరకముందే కోసేస్తారు కాబట్టి అదీ పనికిరాదు. బాగా ముదిరిన పుంజు ఈకను వంచి చూడండి, పోగులు విడివిడిగా, బిరుసుగా లేవాలి. నాటుకోళ్లు కోసే షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. పోగు పొడవు గాలం నోటి వెడల్పుకు (మొనకూ కాడకూ మధ్య దూరానికి) ఒకటిన్నర రెట్లు ఉంటే చాలు. మన పుంజు ఈకలు 12, 14 నంబరు గాలాలకు సరిపోతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, 18 లాంటి సన్నవాటికి మాత్రం ఈకలు కొనాల్సిందే. ఫ్లై తోక, గాలం కాడ (తిన్నని భాగం) అంత పొడవుండాలి. గాలం కన్ను (లైన్ కట్టే రంధ్రం) వెనక కాస్త ఖాళీ వదలండి, లేకపోతే చివరి ముడికి చోటుండదు. ఈక కట్టే దారం సన్నని పాలిస్టర్‌దైనా నడుస్తుంది.

ఇంతా చేసి, ఎంత అందంగా కట్టినా నీటి వేగంతో పాటు పోని ఫ్లైని ట్రౌట్ ముట్టదు. నడిమి ప్రవాహం లైన్‌ను లాగితే ఫ్లై వెనక చిన్న గీత పడుతుంది. ఆ గీత కనిపిస్తే చేప తప్పుకున్నట్టే. ట్రౌట్ ఎగువకు తల పెట్టి నిలబడుతుంది కాబట్టి మీరు దిగువన ఉండి, వంగి, ఎగువ వైపుకు వేయండి. రాడ్ ఎత్తి పట్టుకుని లైన్ వీలైనంత నీటికి తగలకుండా చూడండి. ఇది మన వాగుల్లోనే సాధన చేయొచ్చు. వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక, గాలం మొన విరిచేసి ఫ్లైని వదలండి. పరక చేపలు పైకొచ్చి మూతితో పొడుస్తుంటాయి. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ ఎంతో సంతోషం.

హిమాచల్‌లో పట్టి వదిలేసేటట్టయితే గాలం మొన వెనకుండే ముల్లును పట్టకారుతో నొక్కేయండి, చేయి తడిపాకే చేపను ముట్టుకోండి. మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట నిషేధం, కాజీపేటలో ఢిల్లీ రైలుకు టికెట్ తీసుకునేముందే ఆ తేదీలు చూసుకోండి.