నూనె చుక్క ముట్టని మనిషికి లివర్‌లో కొవ్వు ఎలా వచ్చింది?

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 66 కిలోలు. మనిషి లావు కాదు గానీ పొట్ట ఉంది. ఆరు నెలల కిందట స్కానింగ్‌లో గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో నూనె, నెయ్యి, గుడ్లు, పల్లీలు అన్నీ బంద్ పెట్టాను. కూరలు ఉడకబెట్టి ఉప్పూకారం చల్లుతున్నాను. పొద్దున ఐదు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, కూర, సాయంత్రం బొరుగులు, టీలో రస్కులు, రాత్రి మజ్జిగన్నం. ఎంత తిన్నా ఆకలి అంటూనే ఉంటారు. మొన్న టెస్టులు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4, మొత్తం కొలెస్ట్రాల్ 199, ట్రైగ్లిజరైడ్లు 312, హెచ్‌డీఎల్ 33, ఎల్‌డీఎల్ 104 వచ్చాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన షుగర్ మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. రెండు నెలల కిందట డపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మాత్ర కూడా రాశారు. కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఇచ్చారు గానీ, నూనే మానేశాం కదా అని వాడటం లేదు. ఒక పెళ్లిలో బిర్యానీ తిన్నారు. రెండు గంటలకు చూస్తే 172, మర్నాడు పొద్దున పరగడుపున 214. మీటర్ పాడైందా? మా తమ్ముడేమో అన్నం మానేసి కొబ్బరినూనె తాగే డైట్ చేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆరు నెలలుగా తాలింపు లేని కూర తింటున్న మనిషి ఓపికకూ, వండుతున్న మీ ఓపికకూ ముందుగా దండం. అయితే కష్టం ఒకచోట పడుతుంటే రోగం ఇంకోచోట ఉంది. మీరు ఏం తీసేశారో చాలా వివరంగా రాశారు. తీసేసిన చోట ఏం చేరిందో కూడా ఆ ఉత్తరంలోనే ఉంది గానీ, మీరు గమనించలేదు. ఇడ్లీ, అన్నం, బొరుగులు, రస్కులు, మళ్లీ అన్నం. బియ్యమే నాలుగు వేషాలు వేసుకుని వచ్చింది, మధ్యలో కాస్త మైదా. పప్పు అన్న మాటే లేదు. నా అంచనాలో రోజుకు 250 గ్రాముల దాకా పిండిపదార్థమే పడుతోంది. ప్రొటీన్ మాత్రం చాలా తక్కువ. ఆకలి ఆగకపోవడానికి అదే కారణం.

అన్నం గ్లూకోజ్‌గా మారాక కొంత ఖర్చవుతుంది, కొంత కండరాల్లో, లివర్‌లో నిల్వ ఉంటుంది. ఆ నిల్వకు ఒక హద్దు ఉంది. అది నిండాక మిగిలిన దాన్ని లివర్ కొవ్వుగా మార్చేస్తుంది. అందులో కొంత తన దగ్గరే ఉంచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపిస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో ఈ ఫ్యాక్టరీ ఇంకా జోరుగా నడుస్తుంది. పైగా పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు కూడా కరిగి లివర్‌కే చేరుతుంటుంది. 2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమందిని తీసుకుని, ఆ లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టారు. 59 శాతం ఒంట్లోని కొవ్వు నిల్వల నుంచి వచ్చింది, 26 శాతం లివర్ సొంతంగా తయారు చేసుకున్నది. తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. మీవారి లివర్‌లో కొవ్వుకు జవాబు చాలావరకు ఇందులో ఉంది.

మనిషి లావు కాదు అన్నారు. ఆ బరువు, ఎత్తుల లెక్క ప్రకారం బీఎంఐ 23 లోపే. కానీ మనవాళ్ల విషయంలో తూకం మిషన్ సగం నిజమే చెబుతుంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మా క్లినిక్‌లో ప్యాంటు సైజు పెరిగి, చేతులు మాత్రం సన్నగా ఉన్నవాళ్లు వచ్చినప్పుడల్లా నాకు ఆ ఫొటో గుర్తొస్తుంది. మీ వారి నడుము కొలత బొడ్డు దగ్గర టేపుతో తీసి రాసి పెట్టుకోండి. 90 సెంటీమీటర్లు దాటితే బరువు ఎంతున్నా పట్టించుకోవాల్సిందే.

ఇక రిపోర్టు. మొత్తం కొలెస్ట్రాల్ 199 అంటే ల్యాబ్‌వాళ్లు నార్మల్ అనే రాస్తారు. ఆ మాట చూసి చాలామంది కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. అందులోంచి మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ 33 తీసేయండి, 166 వస్తుంది. గుండెకు చెడు చేసే కొవ్వులన్నీ కలిపి ఇంత అన్నమాట. షుగర్ ఉన్నవాళ్లకు ఇది కనీసం 130 లోపైనా ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాల్సింది 312 ఉన్నాయి. షుగర్ అదుపులో లేకపోవడం వల్ల కూడా ఇవి పెరుగుతాయి. థైరాయిడ్ ఒకసారి చూపించండి. మీరు రాయలేదు గానీ, మద్యం అలవాటు ఉంటే అదీ కారణమే. ఆడవాళ్లు రాసే ఉత్తరాల్లో ఈ సంగతి సాధారణంగా ఉండదు, అందుకే అడుగుతున్నాను.

అంటే నూనె, నెయ్యి ఎంతైనా పోసుకోవచ్చా? అదీ కుదరదు. ఏ కొవ్వు అన్నది చాలా ముఖ్యం. ఫిన్లాండ్‌లో చేసి 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో అధిక బరువున్న 38 మందికి మూడు వారాలు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా పెట్టారు. వెన్న, కొబ్బరినూనె, చీజ్ లాంటి గడ్డకట్టే కొవ్వులు తిన్నవాళ్ల లివర్‌లో కొవ్వు 55 శాతం పెరిగింది. చక్కెర, జ్యూసుల లాంటివి తీసుకున్నవాళ్లకు 33 శాతం పెరిగింది. ఆలివ్ నూనె, బాదం లాంటి గింజలు తిన్నవాళ్లకు పెరిగింది 15 శాతం. కేలరీలు అందరికీ సమానమే.

అందుకని పల్లీలు బంద్ పెట్టి రస్కులు ఉంచడం నాకు మింగుడు పడలేదు. ఇంట్లో నూనె లేదనుకుంటున్నారు గానీ, ప్యాకెట్ వెనక తిప్పి చూడండి. చాలా రస్కుల్లో, బిస్కెట్లలో మైదా, చక్కెర, పామాయిల్ వరసగా కనిపిస్తాయి. రస్కుల స్థానంలో గుప్పెడు వేయించిన పల్లీలు పెట్టండి, 25 గ్రాములు చాలు. టీవీ ముందు గిన్నె పెట్టుకుంటే గుప్పెడు కాస్తా పావుకిలో అవుతుంది, కొలిచి ఇవ్వండి. అవిసె గింజల కారం చేసుకోండి, ఇడ్లీకి బాగుంటుంది. చేపలు తింటే వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి, వేపుడు వద్దు. రోజుకు ఒక గుడ్డు పచ్చసొనతో సహా తినొచ్చు.

నూనె విషయానికి వస్తే, మనిషికి నెలకు అర లీటరు అనుకోండి. నలుగురున్న ఇంట్లో రెండు లీటర్లు. రోజూ స్పూన్లు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, నెలకు ఎన్ని ప్యాకెట్లు తెచ్చారో లెక్క తేలిక. పల్లీ నూనె, నువ్వుల నూనె, రైస్ బ్రాన్ మార్చి మార్చి వాడుకోండి. ఆలివ్ నూనె కోసం అప్పు చేయనక్కర్లేదు. గానుగ నూనె అయితే ఎంతైనా వాడొచ్చని ఈ మధ్య ఒక నమ్మకం బలపడింది. గానుగదైనా, రిఫైండ్‌దైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. డాల్డా ఇంట్లోకే రానివ్వకండి. బజ్జీల బండి మీద పొద్దుటి నుంచి మరిగిన నూనెదీ అదే సంగతి.

నెయ్యి మొదటి ముద్దలో ఒక చెంచా వేయండి, ఆయన మొహం చూడండి. దానికి 45 కేలరీలు. నిజానికి నేను భయపడేది నెయ్యికి కాదు, ఆ రుచికి వెనకాలే వచ్చే రెండో వడ్డనకు. నెయ్యి మానేసి అర లీటరు ఫుల్ క్రీమ్ పాల ప్యాకెట్ ఒక్కరే తాగేవాళ్లను చూశాను. ఆ ప్యాకెట్‌లో 30 గ్రాముల కొవ్వు ఉంటుంది, ఆరు చెంచాల నెయ్యితో సమానం. టోన్డ్ పాలైతే అందులో సగం.

కొవ్వు పెంచి అన్నం అలాగే ఉంచితే మాత్రం బరువు పెరుగుతారు. పళ్లెంలో ముందు పప్పు, కూర పెట్టండి, అన్నం చివర. రాత్రి అన్నం సగానికి తగ్గించి, పెసరట్టో, శనగలో, పనీరో చేర్చండి. ఇడ్లీలు ఐదు కాదు, మూడు, గిన్నె నిండా సాంబారుతో. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ గ్లూకోజ్ నిల్వకు వెళ్లకుండా కండరాల్లోనే ఖర్చవుతుంది.

పెళ్లి బిర్యానీ దగ్గరకు వద్దాం. మీ మీటర్ మీద నాకు అనుమానం లేదు. కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. అందుకే రెండు గంటలకు 172 చూసి సంబరపడతాం, అసలు పెరుగుదల నాలుగైదు గంటలకు వస్తుంది. పైగా ఆ కొవ్వు రక్తంలో తిరుగుతున్నంత సేపూ ఇన్సులిన్ మాట కండరాలు, లివర్ సరిగా వినవు. రాత్రంతా లివర్ గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. పొద్దున 214 అక్కడి నుంచి వచ్చింది. ఈసారి ఎప్పుడైనా తిన్న నాలుగు గంటల తర్వాత కూడా ఒకసారి వేలు గుచ్చి చూడండి, మీకే తెలుస్తుంది. బిర్యానీ తినాలంటే మధ్యాహ్నం పూట, చిన్న ప్లేటు, పక్కన రైతా, ఉల్లిపాయలు. రాత్రి పదింటికి మాత్రం వద్దు.

మీ తమ్ముడి సలహా గురించి గట్టిగానే చెబుతున్నాను. డపాగ్లిఫ్లోజిన్ వాడుతున్న మనిషి పిండిపదార్థం పూర్తిగా మానేసి కొవ్వు మీద ఉంటే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. మీటర్‌లో షుగర్ 180 చూపిస్తూనే మనిషి వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో ఐసీయూలో చేరిన సందర్భాలు ఉన్నాయి. షుగర్ బాగానే ఉంది కదా అని ఇంట్లోవాళ్లు ఆలస్యం చేస్తారు. అలాంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పండి. పైగా కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం గడ్డకట్టే కొవ్వే.

అన్నం తగ్గించేటప్పుడు ఇంకో జాగ్రత్త. గ్లిమిపిరైడ్ డోసు అలాగే ఉంచి ఒక్కసారిగా సగం అన్నం తీసేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. అసలు ఆ పరిస్థితి రాకముందే మీ డాక్టర్‌కు తిండి మారుస్తున్నట్టు చెప్పి మాత్ర డోసు సరిచేయించుకోండి.

కొలెస్ట్రాల్ మాత్ర ఆపడం ఒక్కటే మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించిన విషయం. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్, ఇతర కణాలే తయారు చేస్తాయి, మన తాలింపు గరిటె కాదు. నలభై దాటి షుగర్ ఉన్నవాళ్లకు ఆ మాత్ర రాసేది గుండెపోటు, పక్షవాతం ముప్పు తగ్గించడానికి. దానివల్ల షుగర్ కాస్త పెరగొచ్చన్నది నిజమే, కానీ లాభంతో పోలిస్తే అది చిన్న విషయం. ఈ వారమే మీ డాక్టర్‌ను కలిసి మళ్లీ మొదలుపెట్టండి.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించి, ఈ పాత రిపోర్టు పక్కన పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు క్లోమం వాచే ముప్పు ఉంటుంది కాబట్టి కొవ్వు బాగా తగ్గించాల్సిందే. రక్తం ఇవ్వడానికి పన్నెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ముందు రోజు పెళ్లి భోజనం ఉంటే టెస్టు ఇంకో రోజుకు వాయిదా వేయండి.