మూడు లక్షలతో టెక్నికల్ డైవింగ్ మొదలుపెట్టొచ్చా?

స్కూబాలో అడ్వాన్స్‌డ్ కోర్సు అయిపోయింది, మామూలు స్కూబాకి హద్దైన 40 మీటర్ల గీత దాటి టెక్నికల్ డైవింగ్‌లోకి వెళ్లాలనుంది, మూడు లక్షలు దాచాను, సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. సామాను కొనడం పూర్తికాకముందే అయిపోతాయి.

నేను విశాఖవాణ్ణి, ఉద్యోగం దుబాయ్‌లో. రుషికొండ దగ్గర సరదాగా మొదలైన పిచ్చి నన్ను ఈజిప్టులోని దహబ్ దాకా లాక్కెళ్లింది. ఈ వ్యవహారంలో ప్రాణానికి అవసరమైన ప్రతిదీ రెండేసి ఉండాలి. వీపున రెండు సిలిండర్లు, వాటి గాలిని నోటికి అందించే రెండు రెగ్యులేటర్లు, లోతూ సమయమూ లెక్కగట్టే రెండు డైవ్ కంప్యూటర్లు, జేబులో ఇంకో మాస్కు. పక్కన వేలాడే డీకో సిలిండర్లకు (ఆగి ఆగి పైకొచ్చేటప్పుడు పీల్చే గ్యాస్ వీటిలో ఉంటుంది) మళ్లీ విడిగా రెగ్యులేటర్లు. వీటన్నిటికీ క్రమం తప్పకుండా సర్వీసింగ్. సిలిండర్లు, మునగడానికి వాడే సీసం బరువులు అక్కడే అద్దెకు దొరుకుతాయి కాబట్టి బతికిపోయాం. మిగతాదంతా విమానంలో మోసుకెళ్లాలి. వీపుకి కట్టుకునే స్టీలు ప్లేటు స్కానర్‌లో కనబడగానే బ్యాగు విప్పమంటారు, అదేమిటో వివరించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

తర్వాత హీలియం. 60 మీటర్ల లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ తలకెక్కుతుంది, తాగినవాడికున్నంత తెలివే మిగులుతుంది. అందుకే హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడతారు. 12 లీటర్ల సిలిండర్లు రెండిటిని 200 బార్‌కి నింపితే 4,800 లీటర్ల గ్యాస్. 18/45 మిశ్రమమైతే, అంటే 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం అయితే, అందులో 2,100 లీటర్ల పైచిలుకు హీలియమే. ఆ లోతులో పీడనం పైనున్నదానికి ఏడు రెట్లు, ఒక్కో శ్వాసకీ ఏడు రెట్ల గ్యాస్ ఖర్చు. వదిలిందంతా బుడగలై పోతుంది. వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్లీ పీల్చనిచ్చే రీబ్రీదర్ కొంటే గ్యాస్ ఆదా అవుతుంది గానీ దాని ధర లక్షల్లో మాట, పైగా సెన్సర్లు, కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసే సోడా లైమ్ అంటూ దాని మేత దానికుంటుంది.

ఇవన్నీ ఎక్సెల్ షీటులో పట్టే ఖర్చులే. పట్టనిది ఒకటుంది, అసలు అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దహబ్‌లో ట్రైమిక్స్ కోర్సు చివరి రోజు. మర్నాడు మధ్యాహ్నం నా విమానం. డీకంప్రెషన్ డైవ్ (ఒంట్లో చేరిన గ్యాస్ పోయేలా ఆగి ఆగి పైకి రావాల్సిన డైవ్) చేశాక 24 గంటలు విమానం ఎక్కకూడదని మా లెక్క, అంటే ఆ పొద్దున తప్పితే ఇక అవకాశం లేదు. 60 మీటర్ల డైవ్ ఒక్కటే బాకీ. గ్యాస్ ముందురోజు రాత్రే నింపించి, విశ్లేషించి, సిలిండర్ల మీద టేపు అంటించి రాసుకున్నాం. నలభై కిలోల పైన బరువు వేసుకుని రాళ్ల మీద తూలుతూ నీళ్లలోకి దిగాం. నేను, పోలండ్ కుర్రాడొకడు, మా ఇన్‌స్ట్రక్టర్. ఆరు మీటర్ల దగ్గర ఆగి ఒకరి సామాను ఒకరం చూసుకున్నాం, అంతా బాగుంది. ఇరవై మీటర్లు దాటాక ఆ కుర్రాడు నా ఎడమ పక్కకి టార్చి వేసి గుండ్రంగా తిప్పాడు. పక్కన వేలాడే నా ఆక్సిజన్ డీకో సిలిండర్ మెడ దగ్గర్నుంచి సన్నటి బుడగల దండ. వాల్వు కట్టేశాను, బుడగలు ఆగాయి. మళ్లీ తెరిచాను, మళ్లీ మొదలు. ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలు పైకెత్తాడు. ఆ సైగకి బాగుందని అర్థం కాదు, డైవ్ అయిపోయింది, పైకి పదండని. ఎవరు ఎత్తినా, ఎందుకు ఎత్తినా మిగతావాళ్లు ఎత్తాల్సిందే, చర్చ లేదు. ఎత్తాం.

పోయింది పది రూపాయలు చెయ్యని రబ్బరు ఓ-రింగు. అది మార్చి మళ్లీ బయల్దేరే వేళకి గాలి లేచింది, నా 24 గంటల లెక్కా దాటిపోయింది. నింపిన హీలియం అక్కడే వదిలేశాను, సిలిండర్‌తో సహా విమానం ఎక్కలేను కదా. ఆ ఒక్క డైవ్ కోసం మళ్లీ సెలవు, మళ్లీ టికెట్టు, మళ్లీ గ్యాస్. దుబాయ్ వచ్చాక మా ఆవిడ బిల్లు చూసి, "నీళ్లలో ముప్పావుగంట కూడా లేకుండానే ఇంతయిందా?" అంది. అయింది మరి. ఖర్చు తడిసి మోపెడవడమంటే అదే.

నా అభిప్రాయంలో మీరు బడ్జెట్ వేయాల్సింది చేసే డైవ్‌లకి కాదు, మధ్యలో వదిలేసే డైవ్‌లకి. డబ్బు బొటాబొటిగా ఉన్నవాడు ఆ బొటనవేలు ఎత్తడు. "ఈ కాస్త లీకుకేముందిలే" అంటాడు. దహబ్‌లోనే బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంట ఉంది. దాన్నుంచి బయటి సముద్రంలోకి తెరుచుకునే రాతి ఆర్చి పైకప్పు దాదాపు 55 మీటర్ల లోతున ఉంటుంది. ఒంటి సిలిండర్‌తో, మామూలు గాలితో దాన్ని దాటబోయి పోయినవాళ్ల పేర్ల పలకలు ఒడ్డున కొండరాతికి వరసగా ఉన్నాయి. అందరూ డబ్బు లేకే పోయారని అనను. కానీ చవకలో లోతు చూద్దామనే ఆలోచన ఎక్కడికి తీసుకెళ్తుందో అక్కడ కాసేపు నిలబడితే తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. చాలా ట్రావెల్ పాలసీలు ఒక లోతు దగ్గర గీత గీసేస్తాయి, దాని కింద మీకేమైనా అయితే పీడనంతో చికిత్స చేసే ఛాంబర్ ఖర్చు మీ చేతి చమురే. ఇక చుట్టాలు. పెళ్లిలో కనబడిన ప్రతి బాబాయీ "అంత కిందకి పోతావు కదా, ముత్యాలేమైనా దొరికాయా?" అంటాడు. నవ్వి ఊరుకోవడం నేర్చుకోండి.

ఉన్న మూడు లక్షలతో నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) కోర్సు చేసి అండమాన్‌లో 30 మీటర్ల లోపే తిరగండి. తర్వాత సామాను అద్దెకు తీసుకుని ఇంట్రో టు టెక్ కోర్సు ఒకటి చేయండి. దానికి హీలియం అక్కర్లేదు, పెద్ద లోతూ అక్కర్లేదు. ఆరు మీటర్ల దగ్గర జంట సిలిండర్లతో, చేతులు ఆడించకుండా, లేవకుండా, మునగకుండా పది నిమిషాలు ఉండగలరేమో చూసుకోండి. అది కుదిరితే అప్పుడు కొనడం మొదలుపెట్టండి. ముందు రెగ్యులేటర్లు, అవి మాత్రం కొత్తవే. కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు.